జీతం పన్నెండున, థాంక్యూ చెట్టు పదమూడున

ఆ నెల జీతాలు పన్నెండో తారీకున పడ్డాయి. పదమూడున మా ప్లాంటు క్యాంటీన్ గోడ మీద థాంక్యూ చెట్టు వెలిసింది. అట్టముక్కలతో కాండం, కొమ్మలు. పక్కన బల్ల మీద ఆకుల్లా కత్తిరించిన పచ్చకాగితాలు, స్కెచ్ పెన్నులు. ఒక్కొక్కరు ఒక ఆకు తీసుకుని, తమకు మేలు చేసింది ఏదో రాసి చెట్టుకు అంటించాలి. వారం పాటు ఇదే కార్యక్రమం. పేరు కృతజ్ఞతా వారం. బయటినుంచి ఒక ట్రైనర్ వచ్చి, కృతజ్ఞత ఉన్న ఉద్యోగికి స్ట్రెస్ దగ్గరికి రాదని గంటసేపు చెప్పి, అందరికీ తలా ఒక చిన్న డైరీ ఇచ్చి వెళ్ళాడు.

నేను నెల్లూరుకి తూర్పున, సముద్రం వైపున్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో జీతాల సెక్షన్ చూస్తాను. ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారు, ఎన్ని గంటలు ఓటీ చేశారు, పీఎఫ్ ఎంత పోయింది, అడ్వాన్సు ఎంత పట్టుకోవాలి అన్నదే నా రోజంతా. డబ్బు తగ్గినప్పుడు జనం ఏమంటారో, మాట పడ్డప్పుడు ఏమంటారో రెండూ నా కిటికీ దగ్గరే వినబడతాయి. డబ్బు తగ్గితే గొడవపడతారు, లెక్క చూపిస్తే సర్దుకుంటారు. మాట పడితే గొడవపడరు. పండగకి ఊరెళ్ళి తిరిగి రారు, అంతే.

అందుకే పనిచోట థాంక్స్ అనేది చాలా పెద్ద విషయమని నా నమ్మకం. అయితే ఎవరు ఎవరికి చెప్పాలి అన్న దగ్గరే మన ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో లెక్క తిరగబడింది. చెప్పాల్సినవాళ్ళు గోడకి చెట్టు అంటిస్తున్నారు, చెప్పించుకోవాల్సినవాళ్ళ చేత ఆకులు రాయిస్తున్నారు.

రాయడం రానివాళ్ళ ఆకులు రాసిపెట్టే పని నామీద పడింది. మొదట వచ్చింది పీలింగ్ హాల్లో చాలా ఏళ్ళుగా చేస్తున్న ఒక పెద్దామె. పేరు చెప్పను. చెప్పినా ఎవరో పోల్చుకోలేరులెండి, మా హాల్లో షిఫ్టుకి నలుగురైదుగురు పెంచలమ్మలు ఉంటారు.

"ఎవరికి రాయాలి మేడం?" అంది.

"నీ ఇష్టం పెద్దమ్మా, ఎవరికైనా."

"అయితే ఐసు తెచ్చే పిల్లోడికి రాయి."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. రొయ్య పాడవకుండా టేబుల్ మీద ఎప్పుడూ ఐసు ఉండాలి. పెద్ద దిమ్మల్ని మిషన్‌లో వేసి పగలగొడతారు. తొందర్లో ఒక్కసారి వేసి తెచ్చేస్తే అందులో గాజుపెంకుల్లాంటి గడ్డలు మిగులుతాయి. రొయ్యతో పాటు అవీ చేతికి తగిలి గ్లౌజు చిరుగుతుంది, వేలు కోసుకుంటుంది. బ్రేక్ తర్వాత మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే క్లోరిన్ నీళ్ళలో చెయ్యి ముంచాల్సిందే. ఆ మంట పడ్డవాళ్ళకే తెలుసు. ఈ కుర్రాడు గడ్డల్ని ఏరి రెండోసారి మిషన్‌లో వేసి, మెత్తగా చేసి తెస్తాడట. అలా చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు. అలా చేస్తున్నాడని పైన ఒక్కరికీ తెలియదు కూడా.

ఆమె తర్వాత వచ్చినామె బస్సు డ్రైవర్‌కి రాయించింది, పిల్లాడు బడికి తయారయ్యేదాకా రెండు నిమిషాలు ఆపుతాడని. ఇంకొకామె బాత్రూములు కడిగే ఆయమ్మకి రాయించింది. నా చేత్తో రాసిన ఆకుల్లో కంపెనీ పేరు ఒక్కదాంట్లోనూ రాలేదు. సాయంత్రం హెచ్.ఆర్. కుర్రాడు వచ్చి చూసి, కాస్త ఇబ్బందిగా, "కంపెనీ గురించి కూడా కొన్ని రాయించండి మేడం, ఫొటోలు బయ్యర్లకి పంపాలి" అన్నాడు. అతని తప్పు కాదు, అతనికీ ఒక బాసు ఉన్నాడు. మర్నాటికి సూపర్‌వైజర్లంతా తలా రెండు ఆకులు అంటించారు. ఇంత మంచి సంస్థలో పని చేసే అవకాశం కల్పించినందుకు యాజమాన్యానికి ధన్యవాదములు. అన్నీ ఒకే దస్తూరి.

ఇదంతా చూసి, కృతజ్ఞత గిరితజ్ఞత అంతా కంపెనీల నాటకం అని తేల్చెయ్యడం తేలికే. కానీ నిజం అది కాదు. దీనిమీద గట్టి పనే జరిగింది.

2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కొందరి చేత వారానికోసారి తమకు జరిగిన మంచిని రాయించారు, కొందరి చేత చిరాకుల్ని రాయించారు. మంచిని రాసుకున్నవాళ్ళు తమ బతుకు గురించి ఎక్కువ తృప్తిగా మాట్లాడారు, ఒంటికి వ్యాయామం కూడా ఎక్కువ ఇచ్చారు. నాకు ఇంకా నచ్చింది హాంకాంగ్‌లో జరిగిన ప్రయోగం. 2015లో ప్రచురించారు. ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, థెరపిస్టులు 102 మంది. కొందరు వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు, పనిలో తమకు ఎవరివల్ల ఏం మేలు జరిగిందో రాశారు. మూడు నెలల తర్వాత చూసినా వాళ్ళలో స్ట్రెస్, దిగులు మిగతావాళ్ళకంటే తగ్గే ఉన్నాయి. ఆసుపత్రి డ్యూటీ అంటే ఏంటో ఇంట్లో నర్సు ఉన్నవాళ్ళకి తెలుసు. అక్కడ ఆ మాత్రం తగ్గినా గొప్పే.

ఈ నాణేనికి రెండో వైపు కూడా మా ట్రైనర్ చెప్పి ఉంటే బాగుండేది. 2021లో ఇలాంటి ప్రయోగాలు చాలావాటిని కలిపి తూకం వేసి చూస్తే, దిగులు మీద, ఆందోళన మీద ఈ డైరీల ప్రభావం ఉంది కానీ కొంచెమే అని తేలింది. సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే సైకాలజిస్టు బృందం 2005లో ఇంకో తమాషా విషయం చెప్పింది. ఆరు వారాల పాటు వారానికోసారి రాసినవాళ్ళకి మేలు కనబడింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకి కనబడలేదు. మొక్కుబడి అయ్యేసరికి మందు పనిచెయ్యడం మానేసిందన్నమాట. మా వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున ఏడింటికి 'ఈరోజు మీ మూడు కృతజ్ఞతలు పోస్ట్ చేయండి' అని మెసేజ్ వచ్చేది. మూడో రోజుకే అందరూ ఒకరిది ఒకరు కాపీ కొట్టి పెట్టడం మొదలుపెట్టారు. ఒకాయనైతే పక్కసెక్షన్ ఆయన భార్య ఆరోగ్యానికి కూడా కృతజ్ఞత చెప్పేశాడు, పేరు మార్చడం మర్చిపోయి.

ఎవరికి వాళ్ళు డైరీ రాసుకోవడం ఒక ఎత్తు. పైనున్న మనిషి కిందికి దిగొచ్చి చెప్పడం ఇంకో ఎత్తు. 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో అనే ఇద్దరు పరిశోధకులు ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద ప్రయోగం చేశారు. వాళ్ళది స్థిరమైన జీతమే, ఎక్కువ ఫోన్లు చేస్తే ఎక్కువ డబ్బు రాదు. కొందరి దగ్గరికి పై అధికారి స్వయంగా వచ్చి, మీరు పడుతున్న కష్టానికి థాంక్స్ అని చెప్పింది. ఆ తర్వాతి వారం వాళ్ళ ఫోన్లు సగానికి పైగా పెరిగాయి. చెప్పించుకోనివాళ్ళవి అలాగే ఉన్నాయి. జీనో రాసిన వేరే పేపర్ల డేటా మీద తర్వాత పెద్ద దుమారం రేగింది, ఆమె కాదంటున్నా 2025లో హార్వర్డ్ యూనివర్సిటీ ఆమె శాశ్వత ఉద్యోగ హోదా తీసేసింది. ఆ పేపర్లలో ఇది లేదు. అయినా ఈ ఒక్క అంకె పట్టుకుని నేను వాదించను. నాకు కావాల్సింది అంకె కాదు, అక్కడ ఎవరు నోరు తెరిచారన్నది. అధికారి తెరిచింది. ఫోన్లు చేసేవాళ్ళ చేత ఎవరూ ఆకులు రాయించలేదు.

మరి మనవాళ్ళకి నోరెందుకు రాదు? ఒక కారణం పెంపకంలోనే ఉంది. ఇంట్లోవాళ్ళకి, దగ్గరివాళ్ళకి థాంక్స్ చెబితే "మనలో మనకి ఏందబ్బా ఇది" అంటాం. చెప్పడం మనిషిని దూరం పెట్టినట్టు. దానికి బదులు టీ పోస్తాం, కూరగిన్నె పంపుతాం, పెళ్ళికి ముందురోజే వెళ్ళి కూచుంటాం. అది చాలా మంచి పద్ధతి, నేను దాన్ని కాదనను. కానీ ప్లాంటులో మేనేజరు ఎవరికీ కూరగిన్నె పంపడు. చేతితో చూపించడమూ లేక, నోటితో చెప్పడమూ లేక మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. ఇంకో కారణం సిగ్గు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అని ఇద్దరు పరిశోధకులు 2018లో దీన్నే చూశారు. కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరం రాసేవాళ్ళు, అవతలివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా ఊహించుకుంటారట. అందుకున్నవాళ్ళని అడిగితే ఇబ్బంది లేదు సరికదా, రాసినవాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు.

మూడో కారణం మాత్రం సిగ్గూ కాదు, పెంపకమూ కాదు. "మంచిగా మాట్లాడితే నెత్తినెక్కుతారు మేడం" అని ఫ్లోర్ ఇన్‌చార్జీలు నాతో ఎన్నిసార్లు అన్నారో. గ్రానైట్ క్వారీల్లో, పొగాకు గ్రేడింగ్ షెడ్లలో కూడా ఇదే మాట వినబడుతుందని ఒంగోలు, చీమకుర్తి వైపు పనిచేసే మా చుట్టాలు చెబుతారు. ఈ మాటని నేను నమ్మను. ఎందుకు నమ్మనో ఒక్క సంగతి చెబుతాను.

మా దగ్గర పీలింగ్ కిలో లెక్క. తల తీసి, కాళ్ళ వైపునుంచి పెంకు చుట్లు ఒలిచి, వీపు చీల్చి నల్లనరం లాగెయ్యాలి. తోక ఉంచి ఒలిచే రకం అయితే చివరి చుట్టు వదిలేసి, తోక విరగకుండా చూడాలి. చేయి తిరిగినవాళ్ళు మాట్లాడుకుంటూనే చేసేస్తారు, కొత్తవాళ్ళకి మొదట్లో రొయ్యకో తోక ఊడొస్తుంది. తోక ఊడితే ఆ సరుకు రేటు పడిపోతుంది, సూపర్‌వైజర్ కేకలేస్తాడు. కొత్తగా చేరిన పిల్లకి ఇది ఎవరో ఒకరు నేర్పాలి. ఎవరు నేర్పుతారు? పక్కన నిలబడ్డ అక్క. అలా నేర్పిన రోజు ఆ అక్క కిలోలు తగ్గుతాయి. నా రిజిస్టర్‌లో ఆ తగ్గుదల చక్కగా కనబడుతుంది. మామూలుగా పైవరసలో ఉండే పేరు, కొత్త బ్యాచ్ వచ్చిన వారంలో కిందికి జారుతుంది. అంటే ఆమె తన కూలి కోసుకుని కంపెనీకి ట్రైనింగ్ ఇస్తోంది. ఎన్నో ఏళ్ళుగా ఇలాగే జరిగింది. దీనికి ఒక పేరుందని, ఒక ఖర్చుందని ఎవరికీ తట్టలేదు.

రెండేళ్ళ కింద వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు మొదటి నెలలోనే ఆ రిజిస్టర్ తెప్పించుకుని చూశాడు. ఈవిడకి ఈ వారం ఎందుకు తగ్గింది అని అడిగాడు. చెప్పాను. ఆ సాయంత్రం షిఫ్టు దిగే టైమ్‌లో గేటు దగ్గర ఆమెని పిలిచి, "అక్కా, ఆ ముగ్గురు పిల్లలకి నువ్వు నేర్పబట్టి ఈ వారం తోకలు విరిగింది తక్కువ. నీకు కిలోలు తగ్గినాయి, చూశాను. నేర్పే రోజులకి రోజు కూలి లెక్క కట్టిస్తాను" అన్నాడు. కట్టించాడు కూడా. ఆమె నెత్తికెక్కింది లేదు. ఇప్పుడు కొత్త బ్యాచ్ వస్తే, నా టేబుల్‌కి పంపండి అని ఆమే అడుగుతుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు అడుగుతున్నారు.

అతను చెప్పినదాంట్లో 'మీ సేవలు అమూల్యం' లాంటి ముక్క ఒక్కటీ లేదు. ఏం చేసిందో ఉంది, దానివల్ల ఏం జరిగిందో ఉంది, ఆమెకి ఏం నష్టమైందో ఉంది. ఆ నష్టం పూడ్చే డబ్బు ఉంది. ఆ డబ్బు లేకుండా ఆ మాటలే చెప్పి ఉంటే? మొదటిసారి సంతోషించేది. రెండోసారికి ముఖం తిప్పుకునేది.

జర్మనీలో పనిచేసిన పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో చెప్పింది నాకు బాగా అర్థమైంది ఈ రిజిస్టర్ వల్లనే. మనిషి పనిలో పెట్టే శ్రమకి తిరిగొచ్చేవి మూడు అంటాడాయన. డబ్బు, మర్యాద, ఉద్యోగం ఉంటుంది ఎదుగుతుంది అన్న భరోసా. పెట్టింది ఎక్కువై వచ్చింది తక్కువైతే ఆ తేడా మనసుతో ఆగదు, గుండెజబ్బు దాకా పోతుంది. జీతాల సెక్షన్ భాషలో చెప్పాలంటే ఇవి మూడు వేర్వేరు ఖాతాలు. మర్యాద ఖాతాలో ఎంత జమ వేసినా జీతం ఖాతాలో బాకీ తీరదు. అలాగే డబ్బు బాగా ఇచ్చి నోటికొచ్చినట్టు తిట్టే ఓనర్లకి కూడా ఇదే లెక్క. వాళ్ళ దగ్గర మనుషులు ఎందుకు నిలవడం లేదో వాళ్ళకి ఎప్పటికీ అర్థం కాదు.

జీతం సంగతికొస్తే, నెల తిరిగాక ఏడో తారీకులోపు ఇవ్వాలన్న నియమం మనకి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచే ఉంది, పెద్ద సంస్థలకి అప్పట్లో పదో తారీకు. 2019 వేతన కోడ్‌లో నెలజీతాలకి ఏడే. పన్నెండున పడ్డ జీతం అంటే చీటీపాట కంతు తప్పినట్టు, స్కూలు ఫీజుకి ఫైన్ పడినట్టు, బడ్డీకొట్టు అరువు దగ్గర మాట పోయినట్టు. ఆ నెలలో మనిషికి టెన్షన్ ఉందంటే దానికి కారణం ఆమె మనసులో కృతజ్ఞత కొరవడటం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్ అవుట్‌ని, అంటే పనిలో పూర్తిగా అలిసి ఖాళీ అయిపోవడాన్ని, జబ్బుల జాబితా పుస్తకంలోకి ఎక్కించినప్పుడు కూడా, సరిగా సంబాళించని పనిచోటి ఒత్తిడి వల్ల వచ్చేది అనే రాసింది. జబ్బు అని కూడా అనలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అంది.

యాజమాన్యాలకి కష్టాలు లేవని నేననను. ఆక్వా, అంటే చేపల రొయ్యల సాగు, మొదటినుంచీ జూదమే. టైగర్ రొయ్య రోజుల్లో, తొంభైల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులు ఊడ్చిపెట్టుకుపోయింది. తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చి నిలబెట్టింది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేర్చింది. మన రొయ్యకి అప్పటికి అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు అమెరికానే. ఆ వారంలో జిల్లాలో రొయ్య గురించి మాట్లాడని టీకొట్టు లేదు.

అప్పుడే నేను రెండు రకాల మాటలు విన్నాను. ఒక ప్లాంటులో మీటింగ్ పెట్టి "ఈ టైమ్‌లో పని దొరుకుతున్నందుకే సంతోషించండి" అన్నారట, అక్కడ చేసే మా వదిన చెప్పింది. ఆ మాట చూడటానికి కృతజ్ఞత పాఠంలాగే ఉంటుంది. విన్నవాళ్ళకి మాత్రం బెదిరింపే. ఆ మర్నాటినుంచి గ్లౌజులు చిరిగినా అడగడానికి జంకుతున్నారని ఆమె అంది. మా దగ్గర ఓనరే హాల్లోకి వచ్చాడు. గంబూట్లు, టోపీ వేసుకుని, టేబుళ్ళ మధ్య నిలబడి ఏ ఆర్డర్లు ఆగాయో, ఏ షిఫ్టు తగ్గించాల్సి వస్తుందో, ఎవరెవరికి రోజులు తగ్గుతాయో చెప్పాడు. "మీరు సంక్రాంతి ముందు రాత్రిళ్ళు చేసి కంటైనర్లు ఎక్కించారు. అది నేను మర్చిపోలేదు. ఆర్డర్లు రాగానే ముందు మిమ్మల్నే పిలుస్తాను" అన్నాడు. రోజులు తగ్గాయి, ఇబ్బంది పడ్డారు, కొందరు పొలం పనికి పోయారు. పిలిచినప్పుడు చాలామంది తిరిగొచ్చారు. థాంక్యూ చెట్టు నాటింది కూడా ఇదే ఓనరు అని గుర్తుచేసుకుంటే నాకు ఆశ్చర్యమే. చెట్టు ఐడియా ఆయనది కాకపోవచ్చు. హాల్లో నిలబడటం మాత్రం ఆయనదే.

కృతజ్ఞత ఎటువైపు నడవాలన్నది మన జిల్లాకి ఎవరో వచ్చి నేర్పాల్సిన విషయం కాదు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన రొట్టెల పండగ ఎలా జరుగుతుందో చూడండి. 2015లో ప్రభుత్వం రాష్ట్ర పండగ చేసింది కానీ జనం అంతకుముందు ఎన్నో ఏళ్ళనుంచే వస్తున్నారు. ఉద్యోగం కావాల్సినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి ఉద్యోగ రొట్టె పుచ్చుకుంటారు. ఇచ్చేది ఎవరు? కిందటిసారి అదే రొట్టె తీసుకుని ఉద్యోగం వచ్చినవాళ్ళు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, అన్నీ అంతే. హిందువులు, ముస్లింలు పక్కపక్కనే నిలబడి ఇచ్చి పుచ్చుకుంటారు. మేలు జరిగినవాడు ఇంకా మేలు జరగనివాడి చేతిలో పెట్టిపోతాడు. పెద్దమ్మ ఆకు ఐసు కుర్రాడికి పోవడం, పీలింగ్ అక్క తన కిలోలు పోగొట్టుకుని కొత్తపిల్లకి నేర్పడం నాకు ఆ వరసలోవే అనిపిస్తాయి. పనిచోట కృతజ్ఞత అప్పటికే ఉంటుంది, పక్కకి పక్కకి నడుస్తూ ఉంటుంది. పైవాళ్ళు చెయ్యాల్సింది దాన్ని కొత్తగా నాటడం కాదు. చూడటం, దానికయ్యే ఖర్చు భరించడం.

నెలకో బెస్ట్ ఎంప్లాయీ ఫొటో పెట్టే అలవాటు గురించి ఒక్క ముక్క. మా దగ్గర ఫొటో పడ్డ ఒకామె మూడో రోజు నా దగ్గరికొచ్చి, "తీసేయించు మేడం, టేబుల్ దగ్గర ఎవరూ సరిగా మాట్లాడటంలా, దిష్టి కూడాను" అంది. అందరి ముందు పొగడటం అందరికీ పడదు. కొందరికి గేటు దగ్గర చెవినేస్తే చాలు. ఎవరికి ఏది పడుతుందో తెలియాలంటే ముందు మనిషి తెలియాలి, అది ఫ్రేము కట్టించడం కంటే కష్టమైన పని.

ఈమధ్య మా రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్, కాస్త మొరటు మనిషే, మేనేజరుని చూసి తనూ మొదలుపెడదామనుకున్నాడు. "ఏం చెప్పాలి మేడం?" అని నన్నే అడిగాడు. ఆమె ఏం చేసిందో అదే చెప్పు, ఇంకేం కలపొద్దు అన్నాను. వెళ్ళి ఒకామెతో, నిన్న కరెంటు పోయినప్పుడు ఎవరూ చెప్పకుండానే ట్రేలకి ఐసు కప్పావు, సరుకు నిలబడింది, థాంక్స్ అమ్మా అన్నాడు. ఆమె చేతిలో రొయ్య అలాగే పట్టుకుని అతని మొహంలోకి చూసి, "ఏందన్నా, ఈరోజు ఓటీ ఉండాలా?" అంది.

టేబుల్ అంతా నవ్వారు. అతను నా దగ్గరికొచ్చి, చూశారా మేడం అని నిష్ఠూరమాడాడు. అతను ఇన్నేళ్ళుగా మెత్తగా మాట్లాడింది ఓటీ కావాల్సినప్పుడే, ఆమె ఇంకేమనుకుంటుంది? ఓటీ అడగాల్సిన రోజు మాత్రం పొరపాటున కూడా థాంక్స్ చెప్పొద్దని, ఓటీ ఓటీగానే అడగమని, ఆ గంటలు అదే రాత్రి నాకు రాసి పంపమని చెప్పాను.